చెరువు నిండా పక్షులున్నా ఆవాసం చెడిపోయినట్టేనా?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. రెండేళ్ల కిందట సర్జాపుర రోడ్డు వైపు కొత్త అపార్ట్‌మెంట్‌లోకి వచ్చారు. బాల్కనీలోంచి చెరువు కనిపిస్తుంది. గూడబాతులు (పెలికాన్‌లు), నీటికాకులు, రకరకాల కొంగలు రోజూ దిగుతున్నాయి. హిందూపురం దగ్గరి పల్లె నుంచి వచ్చిన మీ నాన్నగారు తమ ఊళ్లో కూడా ఇన్ని పక్షులు లేవన్నారు. మరోవైపు, బెంగళూరు పెరిగిన కొద్దీ వన్యప్రాణుల ఆవాస నాణ్యత పడిపోయిందని చూపే మ్యాపు ఒకటి మీ కంటపడింది. అందులో మీ చెరువు ఎర్రరంగులో ఉంది. కళ్లు చెప్పేది నమ్మాలా, మ్యాపు చెప్పేది నమ్మాలా అని అడిగారు.

రెండూ నిజమే. ఇరవై ఏళ్లకు పైగా ఈ నగరం చెరువులూ, బన్నేరుఘట్ట అడవి అంచు గ్రామాలూ తిరుగుతూ ఇదే పని చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. వారపు సంత జరిగే చోట ఆ రోజు ఊళ్లో కంటే ఎక్కువ మంది కనిపిస్తారు. తింటారు, కొంటారు, చెట్టు నీడన కాసేపు కూర్చుంటారు, చీకటి పడేలోగా వెళ్లిపోతారు. ఆ మైదానం చూసి ఇక్కడ కాపురాలు బాగున్నాయని ఎవరూ అనుకోరు. చెరువులో ఎన్ని పక్షులున్నాయన్నది ఒక ప్రశ్న. అవి అక్కడ గూడు పెట్టగలవా, పిల్లల్ని పెంచగలవా, రెక్కలొచ్చిన పిల్లలు క్షేమంగా మరో చోటికి చేరగలవా అన్నది వేరే ప్రశ్న. ఆవాస నాణ్యత అని మేము అంటున్నది ఈ రెండో ప్రశ్నకు వచ్చే జవాబునే.

మీ నాన్నగారి మాటనే తీసుకుందాం. హిందూపురానికి దగ్గర్లో, చిలమత్తూరు మండలంలో వీరాపురం అనే ఊరుంది. ఆయనకు తప్పక తెలిసే ఉంటుంది. పుస్తకాల్లో పెయింటెడ్ స్టార్క్ అని రాసే ఎర్రకాళ్ల కొంగలు ఏటా అక్కడికి వచ్చి, ఇళ్ల మధ్య ఉన్న చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. వాటిని సైబీరియా పక్షులని చాలామంది అంటారు. నిజానికి అవి మన దేశపు పక్షులే, నీళ్లనూ చేపలనూ వెతుక్కుంటూ తిరుగుతుంటాయి. మండ్య జిల్లా మద్దూరు తాలూకాలోని కొక్కరె బెళ్లూరులో కూడా ఇలాగే ఇళ్ల మధ్య చెట్ల మీద ఈ కొంగలూ గూడబాతులూ పిల్లల్ని పెంచుతాయి. పులికాట్ పక్కన నేలపట్టులో చెరువు నీళ్లలోనే నిలబడి ఉన్న కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు కనిపిస్తాయి. మీ బాల్కనీ ముందు దిగుతున్నవాటిలో ఎక్కువ భాగం భోజనానికి వచ్చినవి. వాటి సంతతిని నిలబెడుతున్నది ఇలాంటి ఊళ్లలోని చెట్లూ, ఆ చెట్లకు రెక్క దూరంలో ఉన్న చెరువులూ. మీ నాన్నగారు తమ వైపు తక్కువ పక్షులను చూసి ఉండవచ్చు. గూట్లో పిల్లల్ని ఎక్కడ చూశారని ఆయన్ను ఒకసారి అడగండి.

మరి నగరం చెరువులో భోజనం అంత దండిగా ఎందుకుంది? ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. బెంగళూరుకు చెప్పుకోదగ్గ నది లేదు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, ఒక గట్టు మీద పెరిగిన ఊరు ఇది. గట్టుకు అటూ ఇటూ పడిన వాన హెబ్బాళ, కోరమంగళ-చల్లఘట్ట, వృషభావతి అనే మూడు లోయల్లోకి దిగుతుంది. కెంపేగౌడ కాలానికి ముందూ తర్వాతా ఇక్కడివాళ్లు ఆ లోయల్లో ఒకదాని కింద ఒకటిగా చెరువులు కట్టుకుంటూ వచ్చారు. పై చెరువు అలుగు పారితే ఆ నీరు రాజకాలువ గుండా కింది చెరువుకు చేరేది. తొలకరికి నీరు రావడం, కార్తీకానికి నిండడం, సంక్రాంతి దాటాక నీరు వెనక్కి తగ్గుతుంటే దాని వెంటే బురద, బురద మీద పచ్చిక, ఎండాకాలానికి నెరెలు విచ్చిన నేల. అనంతపురం, చిత్తూరు వైపు పెరిగినవాళ్లకు ఈ క్రమం చెప్పనక్కరలేదు. వన్యప్రాణులకు ఈ మార్పే సంపద. నీరు మోకాటి లోతుకు తగ్గితే అది కొంగల చెరువు. బురద బయటపడితే శీతాకాలానికి ఉత్తరాది దేశాల నుంచి వచ్చిన ఉల్లంకి పిట్టల చెరువు. నేల ఆరితే, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టే తీతువుల చెరువు.

ఇప్పుడు నగరంలో చాలా చెరువులు ఎండవు. వాటిలోకి వచ్చేది ఎక్కువగా మన ఇళ్ల మురుగే. సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపులతో ఎక్కించి తెచ్చుకుంటున్న కావేరి నీరు, అది చాలక తోడుకుంటున్న బోరు నీరు, వంటింట్లోనూ స్నానాల గదిలోనూ వాడుకున్నాక రాజకాలువల్లోకి చేరుతోంది. ఏడాది పొడవునా దాదాపు ఒకే నీటిమట్టం, అందులో నిండుగా నత్రజని, ఫాస్ఫరస్. దాంతో నాచు పెరుగుతుంది, గుర్రపు డెక్క అల్లుకుంటుంది. నీళ్లలో ప్రాణవాయువు తక్కువైనా సర్దుకోగల తిలాపియా చేపలు, నేరుగా గాలి పీల్చుకోగల ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌లు మిగతా చేపలను వెనక్కి నెట్టేస్తాయి. గూడబాతుకూ నీటికాకికీ అది విందే. మీరు చూస్తున్నది ఆ విందు. బురద అంచు కావలసిన చిన్న పక్షులు, తేట నీళ్లలో గుడ్లు పెట్టే కప్పలు, నీటి మొక్కలను అంటిపెట్టుకుని బతికే తూనీగలు ఆ పంక్తిలో లేవు. ఇవి లేవన్న సంగతి బాల్కనీలోంచి తెలియదు.

ఆ విందుకూ భరోసా లేదు. ఎండాకాలం మధ్యలో ఒక్క పెద్ద వాన పడితే కాలువల్లో నెలల తరబడి పేరుకున్న నల్లటి మడ్డి అంతా ఒక్కసారి చెరువులోకి దిగుతుంది. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీళ్లలోని ప్రాణవాయువును రాత్రికి రాత్రే తినేస్తాయి. తెల్లారేసరికి చేపలు వెల్లకిలా తేలుతాయి. 2016 మార్చిలో అలసూరు చెరువులో జనం చూసింది అలా తేలిన చేపలనే. సుమారు 900 ఎకరాల బెళ్లందూరు చెరువు సంగతి దేశమంతా తెలుసు. సబ్బు పొడుల నుంచి వచ్చిన నురుగు రోడ్ల మీదకు ఎగిరింది. 2017 ఫిబ్రవరిలో ఒకసారి, 2018 జనవరిలో మరోసారి ఆ చెరువే మండింది. ఆ నీరు అక్కడితో ఆగదు కూడా. వర్తూరు చెరువు దాటి దక్షిణ పినాకినిలో కలిసి హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయానికి చేరుతుంది. నంది కొండల వైపు పుట్టిన ఆ నది మన పెన్నకు తోబుట్టువు లాంటిది. అందుకే దాని మీద నురుగు చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది.

మురుగు గురించి అందరూ మాట్లాడతారు. నన్ను అంతకంటే ఎక్కువ బాధపెట్టేది చెరువుల అభివృద్ధి పేరుతో జరుగుతున్న పని. ఒక చెరువు గురించి చెబుతాను, పేరు రాయను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తల్లో అది సగం ఎండిన, చెత్త పడిన చెరువే. అయినా కట్టకు ఎదురుగా ఉన్న మెరక వైపు నీరు చాలా నెమ్మదిగా లోతయ్యేది. వంద అడుగులు నడిచినా పిక్కలు దాటేది కాదు. ప్రతి డిసెంబరులో ఆ బురద మీద ఉల్లంకి పిట్టలు గుంపులుగా దిగేవి. తర్వాత నిధులు వచ్చాయి, పూడిక తీశారు. చెరువంతా ఒకే లోతుకు గిన్నెలా తవ్వి, ఆ మట్టితో చుట్టూ నిలువు గట్టు వేసి, గట్టుకు రాళ్లు పరిచారు. దాని మీద నడకదారి, దారి పొడవునా దీపస్తంభాలు, చుట్టూ కంచె వచ్చాయి. పక్షుల కోసమని మధ్యలో గుండ్రటి దీవి కూడా వేశారు. నీరు నిండాక ఫొటోల్లో చాలా అందంగా ఉంది, చుట్టుపక్కలవాళ్లు సంతోషించారు. ఆ శీతాకాలం ఒక్క ఉల్లంకి పిట్ట కూడా దిగలేదు. దిగడానికి చోటే లేదు. ఒడ్డున అడుగు వేస్తే మూడు మీటర్ల లోతు.

ఆ పని చేయించిన ఇంజినీరు మంచి మనిషి. నేను వెళ్లి అడిగితే ఓపికగా కూర్చోబెట్టి కొలతల పుస్తకం చూపించారు. ఎన్ని ఘనపు మీటర్ల పూడిక తీశారో ఉంది, ఎన్ని మీటర్ల రాతి పని చేశారో ఉంది. ఒడ్డు ఏ వాలుతో దిగాలన్నదానికి ఆ పుస్తకంలో గడి లేదు. ఆయన్ను తప్పు పట్టడానికి నాకు మనసు రాలేదు. పది మీటర్లు నడిస్తే ఒక మీటరు లోతయ్యేలా ఒక్క వైపు ఒడ్డును వదిలేస్తే ఖర్చు పెరగదు, తగ్గుతుంది. ఆ ఒక్క వాలులోనే జమ్ము మొలుస్తుంది, కప్ప గుడ్లు పెడుతుంది, కొంగ నిలబడుతుంది. మీ చెరువు నాణ్యత గురించి నన్ను ఒక్కటే ప్రశ్న అడగనిస్తే, నీరు ఎంత శుభ్రం అని అడగను, ఒడ్డు ఎలా ఉందని అడుగుతాను.

బాగు చేయడం కుదరదని కాదు. జక్కూరు చెరువులో శుద్ధి కేంద్రం నుంచి వచ్చిన నీటిని నేరుగా చెరువులో కలపకుండా ముందు జమ్ము, నీటి మొక్కలు పెరిగిన చిత్తడి గుండా పంపుతారు. ఆ మొక్కల వేళ్లూ, వాటిని పట్టుకున్న సూక్ష్మజీవులూ మిగిలిన పోషకాలను కొంత లాగేసుకుంటాయి. ఆ చిత్తడి ఒక వడపోత, అదే సమయంలో ఒక ఆవాసం. అక్కడికి ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి, ఆ చిత్తడి దగ్గరా, రాళ్లు పరిచిన వేరే ఏదైనా చెరువు గట్టు దగ్గరా అరగంట చొప్పున నిలబడి చూడండి. నేను రాసిన దానికంటే బాగా అర్థమవుతుంది.

ఇక రాత్రి. నగరం వల్ల ఆవాసం ఎలా చెడుతుందో పగటిపూట సగమే కనిపిస్తుంది. దేవాంగపిల్లిని మీరు చూసి ఉండకపోవచ్చు. సుమారు పావుకిలో తూగే, గుండ్రటి పెద్ద కళ్ల చిన్న జంతువు. ఇది కోతి జాతికి దూరపు బంధువు, పేరులో తప్ప ఎక్కడా పిల్లి కాదు. బెంగళూరు నడిబొడ్డున భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణ లాంటి పాత చెట్ల తోపుల్లో ఇప్పటికీ ఉంది. పురుగులు, చెట్ల జిగురు తింటూ రాత్రంతా కొమ్మల మీదే తిరుగుతుంది. దాని ప్రత్యేకత ఏమిటంటే అది దూకదు. ఒక కొమ్మను వెనక కాళ్లతో పట్టుకుని, చేయి చాచి తర్వాతి కొమ్మను అందుకుంటేనే ముందుకు కదులుతుంది. రెండు చెట్ల తలలు తగలకపోతే మధ్యలోని రెండు మీటర్ల ఖాళీ దానికి గోడ కిందే లెక్క. కిందికి దిగితే కుక్కలు, తీగ పట్టుకుంటే కరెంటు. రోడ్డు వెడల్పు చేయడానికి ఒక వరుస చెట్లు కొట్టి, పరిహారంగా వేరే చోట పదింతలు మొక్కలు నాటామని లెక్క చూపిస్తారు. ఆ లెక్కలో చెట్లు పెరుగుతాయి, దేవాంగపిల్లి దారి మాత్రం తెగిపోతుంది. లేఔట్లలో పది అడుగులకొకటి నాటే అలంకారపు తాటి జాతి మొక్కల వల్ల దానికి ఒరిగేది ఏమీ లేదు. మర్రి, రావి, జువ్వి, కానుగ, చింత లాంటి తల విరబోసుకునే చెట్లు పక్కపక్కన ఉండాలి.

ఆ చెట్ల కింద దీపాలు పెడితే మరో సమస్య. పురుగులు దీపం చుట్టూ తిరిగి తిరిగి చస్తాయి, చీకట్లో వాటి కోసం వెతికే జంతువుకు కొమ్మ మీద తిండి తగ్గుతుంది. తెల్లటి వెలుగు నీళ్ల మీద పడితే రాత్రి మేసే పక్షులు, గబ్బిలాలు ఆ భాగాన్ని వదిలేస్తాయి. శబ్దం కూడా ఇలాంటిదే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టలు రొద ఎక్కువున్న వీధుల్లో హెచ్చు శ్రుతిలో పాడుతున్నాయని 2003లో పరిశోధకులు చూపించారు. వాహనాల హోరు తక్కువ శ్రుతి ధ్వనులను మింగేస్తుంది కాబట్టి ఆ మార్పు. గొంతు మార్చుకోగల పిట్ట మిగులుతుంది, మార్చుకోలేనిది జతను పిలవలేక నిశ్శబ్దంగా తప్పుకుంటుంది.

ఇప్పుడు మీ మ్యాపు. ఇలాంటివాటిలో ఎక్కువ భాగం ఇన్‌వెస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తయారవుతాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా ఉన్న నేచురల్ క్యాపిటల్ ప్రాజెక్ట్ దాన్ని తయారుచేసింది. పద్ధతి కష్టమైనది కాదు. ఉపగ్రహ చిత్రం నుంచి భూమిని చిన్న చిన్న గడులుగా విడదీసి, ఏ గడి అడవి, ఏది చెరువు, ఏది పొలం, ఏది ఇళ్లు అని గుర్తిస్తారు. ఒక్కో రకానికి ఆవాసంగా ఎంత పనికొస్తుందో సున్నా నుంచి ఒకటి మధ్య విలువ ఇస్తారు. తర్వాత ముప్పుల జాబితా: ఇళ్లు, రోడ్లు, క్వారీలు, సాగు. ఒక్కో ముప్పు ఎంత బలమైనది, ఎంత దూరం దాకా పాకుతుంది, దూరం పెరిగే కొద్దీ ఎలా తగ్గుతుంది, ఏ రకం ఆవాసం ఏ ముప్పుకు ఎంత సున్నితం అన్నవి అంకెల్లో చెబుతారు. సాఫ్ట్‌వేర్ ఒక్కో గడి మీద పడే ముప్పులన్నీ కూడి, ఆ మేరకు దాని విలువ తగ్గిస్తుంది. మీ చెరువు చుట్టూ నాలుగు వైపులా ఇళ్లూ రోడ్డూ ఉన్నాయి కాబట్టి ఎర్రబడింది. పక్షులను ఎవరూ లెక్కపెట్టలేదు.

అందువల్ల ఆ మ్యాపు వృథా అని అనుకోవద్దు. 1990ల మ్యాపును ఇప్పటిదాని పక్కన పెట్టి చూస్తే నగరం ఏ వైపు అడవి అంచును నొక్కుతోందో స్పష్టంగా కనిపిస్తుంది. నేనూ వాడతాను. అయితే ఆ అంకెలు నిపుణుల అంచనాలు. అవి మారితే రంగులూ మారతాయి. పైగా ఆ లెక్కలో ముప్పు ఒక చుక్క చుట్టూ వలయంలా పాకుతుంది. బెంగళూరులో మురుగు అలా పాకదు, లోయ వెంట పారుతుంది. పక్కనే ఉన్న అపార్ట్‌మెంట్ మీ చెరువును ముట్టకపోవచ్చు, ఎనిమిది కిలోమీటర్ల పైనున్న ఒక కాలనీ దాన్ని ముంచేయవచ్చు. నీటిదారిని కలపని మ్యాపును ఈ నగరంలో సగం మాత్రమే నమ్ముతాను.

చెరువుల నుంచి అడవి అంచుకు వస్తే విషయం ఇంకా తీవ్రం. బన్నేరుఘట్ట జాతీయ ఉద్యానవనం విస్తీర్ణం సుమారు 260 చదరపు కిలోమీటర్లు. వినడానికి పెద్దదే, కానీ ఆకారం చూడండి. ఉత్తరం నుంచి దక్షిణానికి సాగదీసినట్టు, కొన్ని చోట్ల నడుము సన్నగా ఉంటుంది. గుండ్రటి అడవికి అంచు తక్కువ, లోపలి భాగం ఎక్కువ. ఇలాంటి పొడుగు అడవికి ఎక్కడ నిలబడ్డా అంచు దగ్గరే. దాని చుట్టూ, నిర్మాణాలను అదుపు చేసే పర్యావరణ సున్నిత మండలంగా 2016 ముసాయిదాలో 268.96 చదరపు కిలోమీటర్లు ప్రతిపాదించి, 2020 మార్చిలో తుది ప్రకటన వచ్చేసరికి 168.84కి తగ్గించారు. తగ్గిన ఆ వంద చదరపు కిలోమీటర్లలో ఇప్పటికే ఇళ్లున్నాయి కదా, పొలాలున్నాయి కదా అని వాదించారు. ఏనుగు వాటినే దాటాలి. పొలంగా ఉన్న నేలను అది రాత్రిపూట దాటగలదు. ప్రహరీలు కట్టిన విల్లాల వరుసను దాటలేదు.

ఏనుగుల దారి బన్నేరుఘట్టతో ఆగదు. దక్షిణాన కావేరి అడవుల దాకా, తూర్పున తళి, డెంకణికోట, హోసూరు వైపు సాగుతుంది. ఆ వైపు పల్లెల్లో తెలుగు ఇంటిమాటగా ఉన్నవాళ్లు చాలామంది. 1980ల్లో ఈ అడవుల నుంచే కొన్ని ఏనుగులు కుప్పం, పలమనేరు వైపు వెళ్లి అక్కడే నిలిచిపోయాయి. కౌండిన్య అభయారణ్యం వాటి వల్లనే ఏర్పడింది. రెండు వందల ఏళ్లుగా ఏనుగును చూడని చిత్తూరు రైతుకు అది ఎంత భయమో ఆలోచించండి. ఒకచోట ఆవాసం నలిగితే దాని బరువు ఇంకో రాష్ట్రంలో ఎవరి చేను మీదనో పడుతుంది.

తళి దగ్గర ఒక రైతుతో మంచె మీద ఒక రాత్రి గడిపాను. నవంబరు, రాగి కంకి పాలు పోసుకుని గట్టిపడుతున్న రోజులు. ఏనుగులు ఆకలితో రావని, రుచి మరిగి వస్తాయని ఆయన చెప్పారు. అది శాస్త్రానికి కూడా సరిపోయే మాట. అడవిలో రోజంతా నమిలితే దొరికే బలం కంకి పట్టిన చేలో గంటలో దొరుకుతుంది. అదే ప్రమాదం. మేము దీన్ని ఆవాసపు ఉచ్చు అంటాం. జంతువుకు చోటు బాగున్నట్టు కనిపిస్తుంది, తిండి ఉంటుంది, అందుకే ఎంచుకుంటుంది. అక్కడే కంచెలో అక్రమంగా పెట్టిన కరెంటు ఉంటుంది, రైలు పట్టాలుంటాయి, ప్రాణం మీదకు వచ్చి తిరగబడే మనుషులుంటారు. ఆ రాత్రి గుంపు మా చేను దాకా రాలేదు. ఆ రైతు మాత్రం తెల్లవార్లూ కన్ను మూయలేదు, అప్పటికి నెల రోజులుగా ఆయన నిద్ర అదే. ఆవాసం చెడితే నష్టపోయేది జంతువులు మాత్రమే అనుకునేవాళ్లు ఒక్క రాత్రి ఆ మంచె ఎక్కి చూడాలి.

చిరుతది వేరే దారి. 2016 ఫిబ్రవరిలో తూర్పు బెంగళూరులో ఒక పాఠశాలలోకి చిరుత వచ్చింది. 2023 నవంబరు మొదట్లో కూడ్లు ప్రాంతంలో దొరికినది పట్టుకునే ప్రయత్నంలోనే చనిపోయింది. రెండు సందర్భాల్లోనూ చిరుతలు నగరంలోకి చొరబడ్డాయని వార్తలు వచ్చాయి. చిరుత రాతి గుట్టల్లో, పొదల్లో, చెత్త చుట్టూ చేరే కుక్కలను తింటూ మనకు తెలియకుండా ఏళ్ల తరబడి బతకగలదు. అది బతుకుతోందంటే తన తెలివితో, ఓర్పుతో బతుకుతోంది. ఆ చోటు బాగుందనడానికి అది సాక్ష్యం కాదు.

పచ్చదనం గురించి ఒక్క మాట. బెంగళూరు శివార్లలోని హెసరఘట్టలో మిగిలిన గడ్డిమైదానాన్ని ఖాళీ నేలగా చూసి అక్కడ చెట్లు నాటాలని ఉత్సాహపడినవాళ్లు ఉన్నారు. గడ్డిలో గూడు పెట్టే పిట్టకూ, గడ్డిలో ఎలుకల్ని వేటాడే డేగకూ చెట్ల తోపు అంటే ఇల్లు పోవడమే. 2024లో సుమారు 5,678 ఎకరాలను సంరక్షణ రిజర్వుగా ప్రకటించడానికి కర్ణాటక వన్యప్రాణి మండలి ఆమోదం ఇచ్చినప్పుడు నాకు కలిగిన ఊరట అంతా ఇంతా కాదు.

మీ చెరువు దగ్గర మీరు ఏం చూడాలో చెప్పి ముగిస్తాను. నెలలో ఒకే వారం, ఒకే సమయంలో, ఒకే దారిలో నడిచి రాసుకోండి. ఏడాది పాటు మానకండి. పక్షుల లెక్కలు దాచే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే మీ లెక్క మాలాంటివాళ్లకూ పనికొస్తుంది. ఎన్ని పక్షులు అన్నదాని పక్కన ఇంకో గడి పెట్టుకోండి: అవి ఏం చేస్తున్నాయి. మేస్తున్నాయా, పుల్లలు మోస్తున్నాయా, పిల్లలకు తినిపిస్తున్నాయా. రాత్రి పది తర్వాత ఒకసారి వెళ్లి నీళ్ల మీద ఎన్ని దీపాల వెలుగు పడుతోందో చూడండి. వాన పడిన మరుసటి ఉదయం చెరువులోకి నీరు వచ్చే మూల దగ్గర నిలబడి రంగూ వాసనా రాసుకోండి.

అపార్ట్‌మెంట్ సంఘం సమావేశంలో చెరువు సుందరీకరణ మాట వస్తే మూడు విషయాలు అడగండి. ఒక వైపు ఒడ్డునైనా రాళ్లు పరచకుండా వాలుగా, జమ్ముతో వదిలేయమనండి. నీటి వైపు తిరిగిన దీపాలకు కప్పు పెట్టించి, రాత్రి పది తర్వాత ఆర్పించమనండి. ఎండిపోయిన చెట్టు ఎవరి మీదా పడే ప్రమాదం లేకపోతే కొట్టనివ్వకండి. రామచిలుకలకూ గుడ్లగూబలకూ తొర్రలు అందులోనే దొరుకుతాయి. అభ్యంతరాలు వస్తాయి, పాములంటారు, దోమలంటారు. కదలని మురుగు గుంటలో దోమలు పెరుగుతాయి. కప్పలు, చిన్న చేపలు, తూనీగ పిల్లలు ఉన్న జమ్ము అంచులో వాటి గుడ్లనూ పురుగులనూ తినేవాళ్లు ఎక్కువ. ఈ మాట ఓపికగా చెప్పాల్సి ఉంటుంది, ఒక్క సమావేశంలో తేలదు. నాకు ఒక చెరువు దగ్గర నాలుగేళ్లు పట్టింది.

వానలు మొదలయ్యాక బుడుబుంగ కోసం చూడండి. కోడిపిల్లంత ఉంటుంది, చూస్తుండగానే మునిగి ఇంకోచోట తేలుతుంది. నీళ్ల మీద తేలే ఆకులతో, కాడలతో గూడు కడుతుంది. నీటిమట్టం ఉన్నట్టుండి మారితే, ఒడ్డున మొక్కలు లేకపోతే ఆ గూడు నిలవదు. చారల పిల్లలు తల్లి వీపు మీదెక్కి తిరుగుతుంటాయి. మీ చెరువులో అవి ఎన్ని కనిపించాయో, నెల తర్వాత వాటిలో ఎన్ని మిగిలాయో రాసుకుని నాకు చెప్పండి.